వైద్యం నేర్పే తీరుపై, పరీక్షించే తీరుపై పరిశోధన చేయడం ఎలా

నేను చేసిన మొదటి విద్యా పరిశోధన ఇలా సాగింది. ఒక కొత్త పద్ధతిలో వైద్య విద్యార్థులకు పాఠం చెప్పాను. పాఠానికి ముందు 20 ప్రశ్నలు ఇచ్చాను, పాఠం అయ్యాక మళ్లీ అవే 20 ప్రశ్నలు ఇచ్చాను. మార్కులు పెరిగాయి. పద్ధతి నచ్చిందా అని అడిగితే దాదాపు అందరూ నచ్చిందనే రాశారు. ఎంతో ఉత్సాహంగా పత్రం రాసి పంపాను. పాఠం విన్నవాళ్లకు వినకముందు కంటే ఎక్కువ తెలుస్తుందని నిరూపించడానికి ఒక అధ్యయనం అవసరమా అని సమీక్షకులు అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న న్యాయమైనదని ఒప్పుకోవడానికే నాకు కొన్ని నెలలు పట్టింది.

రోగికి ఒక కొత్త మందు ఇవ్వాలంటే ఆధారం ఏదని అడుగుతాం. ఆ మందు రాసే వైద్యుణ్ణి తయారుచేసే పద్ధతి విషయంలో మాత్రం “మేమూ ఇలాగే నేర్చుకున్నాం” అన్న మాటతో సరిపెట్టుకుంటాం. ఈ తేడా నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. వైద్య కళాశాలలో బోధిస్తూ ఇలాంటి పరిశోధన మొదలుపెట్టాలనుకునే అధ్యాపకుల కోసం, థీసిస్‌కు విద్యా సంబంధమైన అంశం ఎంచుకున్న రెసిడెంట్ల (ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ పీజీ చదివే వైద్యుల) కోసం ఇది రాస్తున్నాను. చెప్పేది గాలిలో తేలిపోకుండా ఒకే ఉదాహరణను చివరిదాకా వెంట తీసుకువెళ్తాను: డ్యూటీ మారేటప్పుడు ఒక రెసిడెంటు తన రోగులను మరో రెసిడెంటుకు అప్పగించడం.

1. ప్రశ్నను గట్టిపరచుకోండి

మంచి ప్రశ్న వార్డులో పుడుతుంది. ఉదయం రౌండ్సులో “ఆ పొటాషియం రిపోర్టు రాత్రి ఎవరూ చూడలేదా?” అని అడుగుతాం. చూడాలని సాయంత్రం రెసిడెంటు చెప్పానంటాడు, రాత్రి రెసిడెంటు వినలేదంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మరి తేడా ఎక్కడ వచ్చింది? ఇక్కడ నిజంగా తెలియనిది ఒకటి ఉంది. పరిశోధనకు అదే మొదలు.

చాలామంది ఇక్కడి నుంచి నేరుగా “అప్పగింతపై వర్క్‌షాపు ఉపయోగపడుతుందా?” అన్న ప్రశ్నకు దూకుతారు. డేవిడ్ కుక్, జార్జ్ బోర్డాజ్, హెంక్ ష్మిట్ 2008లో వైద్య విద్యా పరిశోధనలను మూడు రకాలుగా విడదీశారు. మేము ఇది చేశాం అని చెప్పే వర్ణన మొదటిది. ఇది పనిచేసిందా అని చూసే సమర్థన రెండోది. ఎందుకు, ఎలా, ఏ పరిస్థితుల్లో పనిచేస్తుంది అని వెతికే స్పష్టీకరణ మూడోది. మూడో రకం అరుదుగా కనిపిస్తోందని, శాస్త్రాన్ని ముందుకు నడిపేది అదేనని వాళ్లు వాదించారు. నేను వాళ్ల పక్షమే.

ఈ తేడా ఎంత ముఖ్యమో కుక్ బృందం అదే ఏడాది ప్రచురించిన మరో విశ్లేషణ చూపిస్తుంది. వైద్య రంగంలో ఇంటర్నెట్ ద్వారా నేర్చుకోవడంపై వచ్చిన అధ్యయనాలన్నీ వాళ్లు కలిపి చూశారు. ఏమీ నేర్పకపోవడంతో పోలిస్తే ఇంటర్నెట్ పాఠాల ప్రభావం చాలా పెద్దది. మరో పద్ధతిలో నేర్పడంతో పోలిస్తే తేడా స్వల్పం. అంటే ఏదో ఒకటి నేర్పితే ఎంతో కొంత వస్తుంది. ఆ సంగతి ఇప్పటికే తేలిపోయింది, మీరు మళ్లీ తేల్చనక్కరలేదు.

కాబట్టి మన ప్రశ్నను ఇలా మార్చుకుందాం: “అప్పగింత అందుకున్న రెసిడెంటు విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెబితే, ఆ రాత్రి చేయవలసిన పనుల్లో మిగిలిపోయేవి తగ్గుతాయా? తగ్గితే, అది జ్ఞాపకం బలపడడం వల్లనా, లేక తిరిగి చెప్పేటప్పుడు అపార్థాలు బయటపడి సరిదిద్దుకోవడం వల్లనా?” ఇప్పుడు జవాబు ఏదొచ్చినా మనకు కొత్త సంగతి తెలుస్తుంది. మీ ప్రశ్నను ఈ గీటురాయి మీద పెట్టి చూడండి: వ్యతిరేక ఫలితం వచ్చినా మీరు పత్రం రాయగలరా? రాయలేనంటే ప్రశ్న ఇంకా పచ్చిగా ఉన్నట్టే.

2. ముందు చదవండి, వైద్యం దాటి కూడా చదవండి

పబ్‌మెడ్ (వైద్య పత్రాల డేటాబేస్) ఒక్కటి చాలదు. విద్యా రంగానికి ప్రత్యేకమైన ఎరిక్ డేటాబేస్‌లో కూడా వెతకండి. అకడమిక్ మెడిసిన్, మెడికల్ ఎడ్యుకేషన్, మెడికల్ టీచర్, అడ్వాన్సెస్ ఇన్ హెల్త్ సైన్సెస్ ఎడ్యుకేషన్ వంటి పత్రికల గత ఐదేళ్ల సంచికలలో కనీసం శీర్షికలు, సారాంశాలు చూడండి. నర్సింగ్, మనస్తత్వ శాస్త్రం, విమానయానం వంటి రంగాలవారు ఇదే సమస్యను వేరే పేరుతో చాలా ముందే పరిష్కరించి ఉండవచ్చు.

చదివేటప్పుడు సిద్ధాంతాన్ని వెతకండి. సిద్ధాంతం అనగానే క్లినికల్ మనుషులం బెదిరిపోతాం కానీ, అది “ఇలా చేస్తే ఎందుకు పనిచేయాలి?” అన్నదానికి ముందుగా ఒకరు ఆలోచించి పెట్టిన జవాబు మాత్రమే. ఒకేసారి మనసు మోయగలిగే భారం పరిమితమని చెప్పే జాన్ స్వెల్లర్ సిద్ధాంతం అప్పగింతకు చక్కగా అతుకుతుంది. సరైన వ్యాఖ్యలు అందుకుంటూ, లోపాలపై గురిపెట్టి పదేపదే సాధన చేయడం గురించి ఆండర్స్ ఎరిక్సన్ 1993లో చెప్పింది కుట్లు వేయడం, ట్యూబు వేయడం వంటి నైపుణ్యాలకు సరిపోతుంది. కొత్తవాళ్లు అంచున నిలబడి చిన్న పనులతో మొదలై క్రమంగా సమూహం మధ్యకు చేరుకుంటారని జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో వర్ణించినది చదివితే, ఇంటర్న్‌షిప్ మొదటి వారం కళ్లముందు కదులుతుంది. వీటిలో ఒకటి ఎంచుకోండి. మూడింటినీ ఒకే పత్రంలో కూర్చితే ఏదీ అతకదు.

3. ఏ మెట్టు మీద కొలుస్తారో తేల్చుకోండి

శిక్షణ ఫలితాలను నాలుగు మెట్లుగా చూడవచ్చని డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో ప్రవర్తన మారిందా, అంతిమ ఫలితం మారిందా. వైద్య విద్యలో దీనికి తోడు జార్జ్ మిల్లర్ 1990లో గీసిన పిరమిడ్ వాడతాం. అట్టడుగున “తెలుసు”, దానిపైన “ఎలా చేయాలో తెలుసు”, ఆపైన “చేసి చూపగలడు”, శిఖరాన “నిజంగా చేస్తున్నాడు”.

పై మెట్లు ఎక్కినకొద్దీ కొలవడం కష్టమవుతుంది, కొలిచినదానికి విలువా పెరుగుతుంది. ఒక మెట్టు మీద కొలిచి మరో మెట్టు గురించి తీర్పు చెప్పడం ఈ రంగంలో తరచుగా జరిగే తప్పు. “నా అప్పగింత నైపుణ్యం మెరుగుపడిందని 90 శాతం మంది చెప్పారు” అన్న వాక్యం నైపుణ్యం గురించి ఏమీ చెప్పదు, ఆత్మవిశ్వాసం గురించి చెబుతుంది. వైద్యుల స్వీయ అంచనాలను బయటి కొలతలతో పోల్చిన అధ్యయనాలను డేవిస్ బృందం 2006లో సమీక్షించి, వైద్యులకు తమను తాము సరిగ్గా అంచనా వేసుకునే శక్తి పరిమితమని తేల్చింది.

పైమెట్టు దాకా వెళ్లిన అధ్యయనాలు కొన్ని ఉన్నాయి, వాటిని శ్రద్ధగా చదవండి. 2002లో సేమూర్ బృందం 16 మంది సర్జరీ రెసిడెంట్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వర్చువల్ రియాలిటీ సాధనంపై శిక్షణ ఇచ్చింది. తర్వాత అసలు ఆపరేషన్ థియేటర్‌లో, పిత్తాశయం తొలగించే శస్త్రచికిత్సలో, ఎవరు ఏ జట్టో తెలియని పరిశీలకులు వాళ్లను అంచనా వేశారు. శిక్షణ పొందినవారు కాలేయం నుంచి పిత్తాశయాన్ని విడదీసే పనిని 29 శాతం వేగంగా చేశారు, తప్పులు కూడా చాలా తక్కువ చేశారు. కేవలం 16 మందితోనే ఆ పని సాధించారంటే దానికి కారణం కొలత రోగి దగ్గర జరగడం, కొలిచేవారికి జట్టు తెలియకపోవడం.

మన అప్పగింత ఉదాహరణకు పెద్ద అన్న లాంటిది ఐ-పాస్ అధ్యయనం. పిల్లల వైద్యంలో రెసిడెంట్లు రోగ తీవ్రత, రోగి సంగ్రహ వివరాలు, చేయవలసిన పనులు, ఏం జరగవచ్చో ముందుచూపు, అందుకున్నవారు తిరిగి చెప్పడం అనే ఐదు భాగాలుగా అప్పగింత చేసేలా శిక్షణ ఇచ్చి, 9 ఆసుపత్రుల్లో 10,740 అడ్మిషన్లను పరిశీలించారు. 2014లో ఫలితాలు వచ్చాయి. వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గాయి. అప్పగింతకు పట్టే సమయం చెప్పుకోదగినంతగా పెరగలేదు.

అందరూ రోగి ఫలితాల దాకా వెళ్లలేరు, వెళ్లనక్కరలేదు కూడా. ఒక పాఠానికీ ఒక రోగి కోలుకోవడానికీ మధ్య వంద కారణాలు పనిచేస్తాయి. మీ దగ్గర 24 మంది రెసిడెంట్లు ఉంటే “తెల్లవారేసరికి మిగిలిపోయిన పనులు ఎన్ని?” అన్న కొలత చాలు. అది నిజమైన పని గురించే చెబుతుంది, చేతికి అందుతుంది.

4. కొలిచే సాధనాన్ని అనుమానించండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. నేను సమీక్షించే పత్రాల్లో సగానికి పైగా ఇక్కడే కూలిపోతాయి.

“ఇది సప్రమాణత (వాలిడిటీ) నిరూపితమైన ప్రశ్నావళి” అని రాయడం మానండి. సప్రమాణత సాధనానికి అంటుకుని ఉండే ముద్ర కాదని శామ్యూల్ మెసిక్ 1989లోనే వివరించాడు. ఒక మార్కు చూసి మనం ఏ అర్థం తీస్తున్నాం, ఏ నిర్ణయం తీసుకుంటున్నాం అన్నదానికే ఆధారం కావాలి. థర్మామీటరు మంచిదే అయినా దానితో బరువు చెప్పలేం. చివరి ఏడాది విద్యార్థుల కోసం చేసిన పరీక్షను రెసిడెంట్లకు పెడితే ఆధారాలు మళ్లీ మొదటి నుంచి సమకూర్చుకోవాలి.

ఆ ఆధారాలను ఏ వరుసలో వెతకాలో మైకేల్ కేన్ చెప్పిన నాలుగు అంచెల వాదన చూపిస్తుంది. అప్పగింతను పరిశీలించి పదికి ఏడు వేశామనుకుందాం. చూసినదాన్ని మార్కుగా మార్చిన తీరు సరైనదేనా? అది మొదటి అంచె. వేరే రోగితో, వేరే పరిశీలకుడితో మళ్లీ చేయిస్తే దాదాపు ఏడే వస్తుందా? అది రెండోది. పరీక్ష గదిలోని ఏడు, అర్ధరాత్రి వార్డులోని అప్పగింత గురించి చెబుతుందా? అది మూడోది. ఏడు వచ్చినవారిని ఒంటరిగా రాత్రి డ్యూటీకి పంపాలన్న నిర్ణయం మేలే చేస్తుందా? అది నాలుగోది. నాలుగింటిలో మీ వాదన ఎక్కడ బలహీనంగా ఉందో చూసి, మీ శ్రమంతా అక్కడే పెట్టండి. చాలామంది ఇప్పటికే బలంగా ఉన్న అంచెకే ఇంకో ఆధారం చేరుస్తారు.

రెండో అంచె గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎల్‌స్టైన్, షుల్మన్, స్ప్రాఫ్కా వైద్యుల ఆలోచనా తీరును అధ్యయనం చేసి 1978లో ప్రచురించినప్పుడు అందరినీ ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటి బయటపడింది. ఒక కేసును అద్భుతంగా ఛేదించిన వైద్యుడు మరో కేసులోనూ అంతే బాగా చేస్తాడన్న హామీ లేదు. దీన్నే కేసు విశిష్టత అంటారు. ఒకే ఒక్క లాంగ్ కేసుతో (ఒక రోగిని పూర్తిగా పరీక్షించి చెప్పించే పరీక్షతో) విద్యార్థి భవిష్యత్తు తేల్చే పరీక్ష ఎంత అన్యాయమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. గుండె జబ్బు రోగి దక్కినవాడు గట్టెక్కుతాడు, నరాల జబ్బు రోగి దక్కినవాడు తప్పుతాడు. 1975లో రోనాల్డ్ హార్డెన్ బృందం డండీలో ఓస్కీ పరీక్షను ప్రవేశపెట్టడం వెనక ఈ న్యాయమే ఉంది: అందరికీ ఒకే వరుస స్టేషన్లు, ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని, ఒక్కో పరీక్షకుడు.

మరి ఎన్ని స్టేషన్లు కావాలి? లెక్క కష్టం కాదు. ఒక్క పరిశీలన విశ్వసనీయత (మళ్లీ కొలిస్తే అదే ఫలితం వచ్చే తీరు, 0 నుంచి 1 వరకు) 0.2 అనుకుందాం. కీలక నిర్ణయానికి 0.8 కావాలనుకుంటే, స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం ప్రకారం 16 పరిశీలనలు కావాలి. ఈ లెక్క చూపించాక “రెండుసార్లు చూశాం, చాలు” అనే మాట నోట రాదు. ఒకే రోగి దగ్గర ఇద్దరు పరీక్షకులను కూర్చోబెట్టడం కంటే, వాళ్లను విడగొట్టి ఇద్దరు రోగుల దగ్గర కూర్చోబెట్టడం సాధారణంగా ఎక్కువ ఫలితం ఇస్తుంది. మార్కుల్లో తేడా విద్యార్థి వల్ల ఎంత, కేసు వల్ల ఎంత, పరీక్షకుడి వల్ల ఎంత అని విడదీసి చూపే సాధారణీకరణ సిద్ధాంతం నేర్చుకోండి. ఒక వారం కష్టపడితే పట్టుబడుతుంది. క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) ఒక్కటే రాసి వదిలేస్తే పరీక్షకుల మధ్య తేడాలు అందులో కనబడవు.

చెక్‌లిస్టుల గురించి ఒక హెచ్చరిక. చెక్‌లిస్టు ఉంటే అంతా నిష్పాక్షికమని మనకో నమ్మకం. 1999లో హాడ్జెస్ బృందం విద్యార్థులను, రెసిడెంట్లను, అనుభవజ్ఞులైన వైద్యులను ఒకే ఓస్కీ స్టేషన్లలో పరీక్షించింది. చెక్‌లిస్టులో అనుభవజ్ఞులకే తక్కువ మార్కులు వచ్చాయి. మొత్తంగా చూసి ఇచ్చే రేటింగులో మాత్రం వాళ్లే పైన నిలిచారు. అనుభవం ఉన్నవాడు అడగవలసిన నాలుగు ప్రశ్నలే అడిగి విషయం పట్టేస్తాడు, కొత్తవాడు ఇరవై అడిగి ఇరవై టిక్కులు సంపాదిస్తాడు. నైపుణ్యం పెరిగేకొద్దీ మార్కు తగ్గే సాధనంతో రెసిడెంట్ల ఎదుగుదలను ఎలా కొలుస్తాం? తొలి ఏడాది విద్యార్థి చేతులు కడుక్కున్నాడా లేదా చూడడానికి చెక్‌లిస్టు పెట్టండి. సీనియర్ రెసిడెంటు అప్పగింతకు మాత్రం, ఒక్కో స్థాయి ఎలా ఉంటుందో మాటల్లో వర్ణించిన రేటింగు స్కేలు మేలు.

పరీక్షకుల్లో ఉదారులూ ఉంటారు, కఠినులూ ఉంటారు. అధ్యయనం మొదలుకాకముందే వాళ్లందరినీ కూర్చోబెట్టి, నాలుగైదు వీడియోలు చూపించి, విడివిడిగా మార్కులు వేయించి, తేడాలను బయటపెట్టి చర్చించండి. ఈ ఒక్క సాయంత్రం అన్ని తేడాలనూ చెరిపేయదు కానీ, “బాగుంది” అన్న మాటకు ఒక్కొక్కరి మనసులో ఉన్న అర్థం మీకు తెలిసిపోతుంది. ఆ చర్చనే రికార్డు చేస్తే అది మరో అధ్యయనానికి ముడిసరుకు.

ఉత్తీర్ణత గీత ఎక్కడ గీయాలన్నదీ పరిశోధనే. 50 శాతం అన్నది అలవాటు తప్ప ఆధారం కాదు. కనీస అర్హత అంచున నిలిచిన విద్యార్థి ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశమెంతో నిపుణులు అంచనా వేసే ఆంగాఫ్ పద్ధతిని రాత పరీక్షలకు వాడవచ్చు. ఓస్కీకి సరిహద్దు విద్యార్థుల మార్కుల నుంచి గీతను లెక్కించే పద్ధతులు ఉన్నాయి. ఏది వాడినా ఎందుకు వాడారో రాయండి.

చివరగా, సాధనాన్ని ఎంచుకునేటప్పుడు వాన్ డెర్ వ్లూటెన్ 1996లో ఇచ్చిన సూత్రం గుర్తుంచుకోండి. పరీక్ష ప్రయోజనం అంటే విశ్వసనీయత, సప్రమాణత, చదువుపై దాని ప్రభావం, అందరికీ ఆమోదయోగ్యత, ఖర్చు అన్నీ గుణిస్తే వచ్చేది. గుణకారంలో ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నా. అధ్యాపకులెవరూ నింపడానికి ఇష్టపడని ఫారం ఎంత శాస్త్రీయమైనదైనా అటకెక్కుతుంది.

5. అధ్యయన రూపం

ముందూ తర్వాతా కొలిచి, పోల్చడానికి మరో జట్టు లేకుండా వదిలేసే రూపం నా మొదటి పత్రానిది. రెసిడెంట్లు కాలంతోపాటు ఎలాగూ మెరుగుపడతారు. జూన్‌కూ డిసెంబరుకూ మధ్య పెరిగినదంతా మీ వర్క్‌షాపు ఖాతాలో వేయలేరు. ఐ-పాస్ కూడా ముందు-తర్వాత అధ్యయనమే. అయినా అది నిలబడడానికి ఒక తెలివైన ఏర్పాటు కారణం: నివారించడానికి వీలులేని హాని ఎంత జరుగుతోందో కూడా వాళ్లు లెక్కించారు. దానిలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. అప్పగింత ప్రభావం చూపగలిగిన చోట తగ్గి, చూపలేని చోట అలాగే ఉందంటే కారణం అప్పగింతేనన్న నమ్మకం బలపడుతుంది. మీ అధ్యయనంలోనూ ఇలా మారకూడని కొలత ఒకటి చేర్చండి. ఖర్చు లేని బలం ఇది.

యాదృచ్ఛికంగా విడదీయగలిగితే ఇంకా మంచిది. కానీ ఒకే వార్డులో సగం మందికి నేర్పి సగం మందికి నేర్పకపోతే, రెండో రోజుకే క్యాంటీన్‌లో విషయం అందరికీ చేరుతుంది. అందుకే మనుషులను కాకుండా యూనిట్లను విడదీస్తాం. దీనికో మూల్యం ఉంది. ఒకే యూనిట్ వాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి మీ 100 మంది 100 మందితో సమానం కారు. యూనిట్‌కు 10 మంది, యూనిట్ లోపలి పోలిక గుణకం 0.1 అయితే, లెక్కప్రకారం మీ 100 మంది సుమారు 53 మందితో సమానం. అసలు విడి మనుషులతోనే చేసినా, ప్రామాణిక విచలనంలో (మార్కులు సగటు చుట్టూ చెదిరి ఉండే దూరంలో) సగమంత తేడాను, అది నిజంగా ఉంటే 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే జట్టుకు 64 మంది కావాలి. ఒక విభాగంలో అంతమంది దొరకరు. నాలుగు కళాశాలల మిత్రులతో కలిసి చేయండి. యూనిట్లను విడదీసే పద్ధతి ఎంత దూరం పోగలదో చూడాలంటే, సర్జరీ రెసిడెంట్ల పని గంటలపై 117 శిక్షణ కార్యక్రమాలను విడదీసి చేసిన ‘ఫస్ట్’ (FIRST) అనే ట్రయల్ ఉంది. 2016లో ఫలితాలు వచ్చాయి.

చిన్న జట్టుతోనే పని కావాలంటే లార్సెన్, బట్లర్, రోడిగర్ 2009లో ప్రచురించిన ఉపాయం నాకెంతో నచ్చింది. వాళ్ల అధ్యయనంలో ప్రతి రెసిడెంటు రెండు అంశాలు నేర్చుకున్నాడు. ఒక అంశంపై మళ్లీ మళ్లీ పరీక్ష రాశాడు, రెండో అంశాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. సగం మందికి అంశాలు తారుమారు చేశారు. ఆరు నెలలు దాటాక చూస్తే పరీక్ష రాసిన అంశంలో సగటు 39 శాతం, చదివిన అంశంలో 26 శాతం. ఎవరికి వారే పోలిక కావడంతో తక్కువ మందే సరిపోయారు. ఎవరికీ ఏదీ దక్కకుండా పోలేదు. ఆరు నెలల తర్వాత కొలవడాన్ని కూడా గమనించండి. పాఠం అయిన గంటకు పెట్టే పరీక్ష గుర్తుండడం గురించి ఏమీ చెప్పదు.

వెనక్కి చూసే రూపాలనూ తక్కువగా అంచనా వేయకండి. పాపడాకిస్ బృందం 2005లో, లైసెన్సు బోర్డుల క్రమశిక్షణ చర్యలకు గురైన 235 మంది వైద్యుల పాత కళాశాల రికార్డులను, 469 మంది ఇతర పట్టభద్రుల రికార్డులతో పోల్చింది. విద్యార్థి దశలో వృత్తి మర్యాదకు విరుద్ధమైన ప్రవర్తన నమోదై ఉండడానికీ, తర్వాతి చర్యలకూ బలమైన సంబంధం కనిపించింది. బీరువాలో పడి ఉన్న మూల్యాంకన ఫారాలకు అంత విలువ ఉంటుంది. మీ విభాగంలో వాటిని పారేయనివ్వకండి.

ఇక “ఎందుకు” అన్న ప్రశ్నకు అంకెలు చాలవు. రాత్రి రెసిడెంటు తనకు అర్థం కాలేదని ఎందుకు చెప్పలేకపోయాడు? సీనియర్ ముందు చులకన అవుతానన్న భయమా? ఇది ఇంటర్వ్యూలతో, వార్డులో కూర్చుని గమనించడంతో తెలుస్తుంది. గుణాత్మక పరిశోధనను అంకెల పరిశోధన చివర అతికించే అలంకారంగా చూడకండి. దానికి దాని క్రమశిక్షణ ఉంది: ఎవరిని ఎందుకు ఎంచుకున్నారు, అడిగే మనిషికీ చెప్పే మనిషికీ ఉన్న సంబంధం ఏమిటి, మీ సొంత అభిప్రాయాలు అర్థాన్ని ఎటు లాగుతున్నాయి అన్నవి ప్రతి దశలో రాసిపెట్టుకోవాలి.

6. మీ విద్యార్థే మీ పరిశోధనలో భాగస్వామి అయినప్పుడు

ఈ విషయంలో నేను రాజీ పడను. మార్కులు వేసే గురువు వచ్చి “నా అధ్యయనంలో చేరతావా?” అంటే వద్దని చెప్పగల రెసిడెంటు ఎంతమంది? సమ్మతి పత్రం మీద సంతకం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్టు కాదు. అందుకే ఆహ్వానించే పని, సంతకాలు తీసుకునే పని వాళ్లపై ఏ అధికారమూ లేని వ్యక్తికి అప్పగించండి. ఎవరు చేరారో, ఎవరు చేరలేదో తుది మార్కులు ఖరారయ్యేదాకా మీకు తెలియకూడదు. అధ్యయనం కోసం వేసిన మార్కులు పరీక్ష మార్కుల్లో కలవకూడదు.

ఎథిక్స్ కమిటీ ఆమోదం సమాచార సేకరణకు ముందే తీసుకోండి. ఇది మామూలు బోధనలో భాగమే కదా అని అనిపించినా, ప్రచురించే ఉద్దేశం ఉంటే కమిటీకి రాయండి, అవసరం లేదని వాళ్లే చెప్పాలి. పేర్లు తీసేసినంత మాత్రాన గుర్తులు పోవు. విభాగంలో ఒక్కరే మహిళా రెసిడెంటు ఉంటే, “మూడో ఏడాది మహిళా రెసిడెంటు” అన్న నాలుగు మాటలు చాలు ఆమెను పట్టుకోవడానికి. మేలని బలమైన ఆధారం ఉన్న శిక్షణను పోలిక కోసం ఎవరికీ నిరాకరించవద్దు. ఆలస్యంగానైనా రెండో జట్టుకు అందేలా ఏర్పాటు చేయండి. పరిశీలనలో రోగికి ప్రమాదం కనిపిస్తే పరిశీలకుడు కాగితం పక్కన పెట్టి జోక్యం చేసుకోవాలని ముందే రాతపూర్వకంగా నిర్ణయించుకోండి.

7. చిన్న ప్రయోగం, తర్వాత సేకరణ

ఐదారుగురితో ఒకసారి నడిపి చూడండి. ఫారం నింపడానికి ఎంతసేపు పట్టింది, ఏ ప్రశ్నను ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు, తెల్లవారుజామున పనులు లెక్కపెట్టే మనిషి నిజంగా వస్తాడా అన్నవి ఇక్కడే బయటపడతాయి. శిక్షణ అనుకున్నట్టే జరిగిందా అన్నదీ నమోదు చేయండి. “తిరిగి చెప్పించాం” అని రాసిన యూనిట్‌లో అసలు ఎన్ని రాత్రులు తిరిగి చెప్పించారో తెలియకపోతే, ఫలితం రాకపోవడానికి పద్ధతి కారణమా, అమలు కారణమా అన్నది ఎప్పటికీ తేలదు.

8. విశ్లేషణ

ప్రధాన కొలత ఒకటే ఉండాలి, దాన్ని ముందే రాసిపెట్టుకోవాలి. పి విలువతో (తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశంతో) ఆగకుండా తేడా పరిమాణాన్ని, దాని విశ్వాస అవధిని (అసలు తేడా ఉండగల హద్దులను) ఇవ్వండి. యూనిట్లను విడదీసి ఉంటే విశ్లేషణ కూడా యూనిట్లను లెక్కలోకి తీసుకోవాలి. గణాంక నిపుణుణ్ణి రూపకల్పన దశలోనే కలవండి, సమాచారం చేతికొచ్చాక ఆయన చేయగలిగింది తక్కువ.

ఇంటర్వ్యూలను విశ్లేషించేటప్పుడు బ్రాన్, క్లార్క్ 2006లో వివరించిన ఇతివృత్త విశ్లేషణ చాలామందికి అందుబాటులో ఉండే పద్ధతి. కానీ ఇంటర్వ్యూలో మీరు అడిగిన ప్రశ్నలనే తిరగేసి ఇతివృత్తాలుగా రాయకండి. “సవాళ్లు”, “సూచనలు” అన్నవి శీర్షికలే. “అర్థం కాలేదని ఒప్పుకోవడం కంటే అర్ధరాత్రి స్వయంగా వెతుక్కోవడమే సురక్షితమని రెసిడెంట్లు భావిస్తారు” అన్నది ఇతివృత్తం. మీ వాదనకు ఎదురు నిలిచే మాట చెప్పిన రెసిడెంటును కూడా పత్రంలోకి రానివ్వండి.

9. రాయడం, తిరిగి అప్పగించడం

యాదృచ్ఛిక అధ్యయనానికి కన్సార్ట్, పరిశీలనాత్మక అధ్యయనానికి స్ట్రోబ్, గుణాత్మక పరిశోధనకు 21 అంశాలున్న ఎస్ఆర్‌క్యూఆర్ నియమావళిని దగ్గర పెట్టుకుని రాయండి. 2007లో రీడ్ బృందం ప్రచురించిన మెర్స్‌క్వీ అనే కొలమానం పరిమాణాత్మక విద్యా పరిశోధన నాణ్యతకు గరిష్ఠంగా 18 మార్కులు ఇస్తుంది. అధ్యయనం పూర్తయ్యాక కాకుండా ప్రణాళిక దశలోనే మీ అధ్యయనానికి మీరే మార్కులు వేసుకుంటే, పోగొట్టుకునే మార్కులు ఎక్కడున్నాయో సరిదిద్దుకునే సమయంలోనే తెలుస్తుంది.

పద్ధతుల విభాగంలో శిక్షణను మరొకరు మళ్లీ చేయగలిగేంత వివరంగా వర్ణించండి. ఎవరు నేర్పారు, ఎంతసేపు, ఎంతమందికి, ఏ సామగ్రితో, ఎన్నిసార్లు అన్నవన్నీ ఉండాలి. “ఇంటరాక్టివ్ సెషన్ నిర్వహించాం” అన్న ఒక్క వాక్యంతో ఎవరూ ఏమీ చేయలేరు. ఫలితం రాకపోతే రాలేదని రాయండి. రాయకపోతే, అది తెలియక మరో పది కళాశాలలు అదే వర్క్‌షాపుకు రెసిడెంట్ల నిద్రను ఖర్చు చేస్తాయి.

పత్రం పంపకముందే ఫలితాలను అధ్యయనంలో పాల్గొన్న రెసిడెంట్ల ముందు పెట్టండి. మా అప్పగింత అధ్యయనంలో అలా కూర్చున్నప్పుడు ఒక రెసిడెంటు చెప్పిన సంగతి మా విశ్లేషణనే మార్చేసింది. తిరిగి చెప్పడం వల్ల మిగిలిపోయే పనులు తగ్గిన మాట నిజమే, కానీ తగ్గినవి ఎక్కువగా సాయంత్రం అప్పగింతలో అని, ఉదయం అప్పగింతలో రౌండ్సు తొందరలో ఎవరూ తిరిగి చెప్పడం లేదని అతను అన్నాడు. సమాచారాన్ని వేళలవారీగా విడదీసి చూస్తే అతను చెప్పినట్టే ఉంది. మా తర్వాతి అధ్యయనం ఉదయం ఏడున్నరకు, రౌండ్సు మొదలయ్యే ముందు పదిహేను నిమిషాల్లో ఏం జరుగుతోందన్నదానిపై మొదలైంది.